ఫేరీ నవలల్లో భయం తగ్గి ప్రేమ పెరిగిందా? (స్పాయిలర్లు ఉన్నాయి, చూసుకుని చదవండి)

నిశాచరి, విజయవాడ

ఈ మధ్య ఏ పుస్తకాల షాపుకెళ్ళినా ముందు బల్ల మీద ముళ్ళతీగలు, కిరీటాలు, కత్తులు ఉన్న అట్టలే. సగానికి సగం ఫేరీ (పాశ్చాత్య జానపద కథల్లోని మాయలోకపు జనం) ప్రేమకథలు. ఈ జానర్ నాకు కొత్త కాదు కాబట్టి మనసులో ఉన్నది రాసేస్తున్నా. తిట్టుకునేవాళ్ళు తిట్టుకోండి.

ఫేరీ కథలో నాకు కావలసింది రెక్కలూ కాదు, రాజమహళ్ళూ కాదు. కట్టుబాటు. వాళ్ళు అబద్ధం ఆడలేరు. ఎవరికీ బాకీ ఉండలేరు. ఇనుము పడదు. వాళ్ళు పెట్టింది తింటే మనిషి ఇక ఆ లోకానికే అంకితం. అంత శక్తి ఉన్నవాళ్ళకి ఇన్ని బంధనాలు ఉండబట్టే వాళ్ళతో ఆడే ప్రతి మాటా కత్తి మీద సాము. అబద్ధం ఆడలేనివాడు నిజాన్నే అటూ ఇటూ తిప్పి కొంప ముంచుతాడు.

హోలీ బ్లాక్ 'ది వికెడ్ కింగ్' (2019) చివర చూడండి. జూడ్ మామూలు మనిషి, కార్డన్ ఫేరీల రాజు. రహస్యంగా పెళ్ళి చేసుకుంటారు. ఆ తర్వాత అతనే నలుగురి ముందూ ఆమెని మనుషుల లోకానికి వెళ్ళగొడతాడు. కిరీటం క్షమించేదాకా అడుగు పెట్టకూడదంటాడు. ఆమె రగిలిపోతూ వెళ్ళిపోతుంది, మనమూ వాడికి శాపనార్థాలు పెడతాం. కానీ పెళ్ళయింది కదా, ఇప్పుడామె రాణి. కిరీటం అంటే ఆమె కూడా! తనని తానే క్షమించుకుని అప్పుడే వెనక్కి రావచ్చు. ఈ సంగతి ఆమెకి మూడో పుస్తకంలో గానీ వెలగదు. అబద్ధం ఆడకూడదన్న ఒక్క నియమం లేకపోతే ఈ మెలిక పుట్టేదే కాదు.

పైగా ఆ జూడ్‌ని పెంచింది ఎవరు? ఆమె కళ్ళముందే అమ్మానాన్నలని చంపినవాడు. వాడంటే ఆమెకి పగ ఉంది, ప్రేమా ఉంది. డార్క్ అంటే నాకు అదీ.

సారా జె. మాస్ 'ఎ కోర్ట్ ఆఫ్ థార్న్స్ అండ్ రోజెస్' (2015)తో గాలి మారింది. అందులో ఫేరీలు అబద్ధాలు శుభ్రంగా ఆడతారు, ఇనుము వాళ్ళనేం చెయ్యదు. అవన్నీ మనుషులు నమ్ముకున్న కట్టుకథలని నాలుగు మాటల్లో తేల్చేసి, వాళ్ళని గాయపరచగల యాష్ చెట్టు కర్రని మాత్రం మిగిల్చారు. ఆమెకి కథ నడపడం వచ్చు కాబట్టి చదివిస్తారు. ఆమెని చూసి వాతలు పెట్టుకున్నవాళ్ళతోనే ప్రాణం విసిగిపోతోంది. ఐదు వందల ఏళ్ళ రాకుమారుడు, నల్ల జుట్టు, పెద్ద భవంతి, చిన్నప్పటి గాయం ఒకటి. చెవులు కాస్త మొనదేలి ఉంటాయి. వాడి బదులు గచ్చిబౌలిలో విల్లా ఉన్న స్టార్టప్ ఓనర్‌ని పెట్టినా కథలో ఒక్క పేజీ మారదు.


గోదారిగట్టు, హైదరాబాద్

నిశాచరి గారూ, మీ విల్లా జోక్‌కి నవ్వాను. ఒప్పుకున్నది మాత్రం సగమే.

మాస్ నియమాలన్నీ తీసేశారంటున్నారు. బేరం తీసెయ్యలేదు కదండీ. చెయ్యి విరిగి, జ్వరంతో, చెరలో చావుకి దగ్గరగా ఉన్న కథానాయిక ఫేయ్‌రా దగ్గరికి రైసాండ్ అనే ఫేరీ ప్రభువు వచ్చి బేరమాడతాడు. నయం చేస్తా, బదులుగా నెలకి రెండు వారాలు నాతో ఉండాలంటాడు. ఆ స్థితిలో కూడా ఆ పిల్ల గీసి గీసి దాన్ని వారానికి తెస్తుంది. ఒప్పందం కుదిరినట్టు చేతి మీద పచ్చబొట్టు, అరచేతిలో కన్ను. రైతుబజార్లో మా అత్తగారు కూడా అంత గట్టిగా బేరమాడరు. అది మీరడిగిన కట్టుబాటు కాదా?

ఇక రెండో పుస్తకం (2016) సంగతి. మొదటి పుస్తకంలో ఎవరి కోసం ప్రాణాలకి తెగించిందో ఆ టామ్లిన్, ఇంటికొచ్చాక కాపాడుతున్నానంటూ ఆమెని ఇంట్లోనే బంధిస్తాడు. ఆమె రాత్రుళ్ళు పీడకలలతో లేచి వాంతులు చేసుకుంటుంటే పక్కనే నిద్ర నటిస్తాడు. రొమాన్స్ పాఠకులకి మొదటి హీరోని పక్కన పెట్టడం మామూలు విషయం కాదు. ఒకసారి జంట కుదిరిందంటే ఇక అంతే అనుకునే చోట, ఆ ప్రేమ ఆమెకి జైలైపోయిందని చెప్పి, తలుపు తీసి బయటికి తెచ్చారు. మీ ఇనుము కంటే నాకు ఆ తాళం వేసిన ఇల్లే ఎక్కువ భయమేసింది.

సుఖాంతం అంటే చిన్నచూపు ఎందుకో నాకర్థం కాదు. డిటెక్టివ్ నవల్లో హంతకుడు దొరుకుతాడని ముందే తెలుసు, అయినా చదువుతాం. ఇక్కడ చివరికి ఇద్దరూ కలుస్తారని తెలుసు. ఆ హామీ ఉంది కాబట్టే మధ్యలో ఎంత చీకటిలోకైనా వెళ్ళగలను. పగలంతా ఆఫీసులో ఎస్కలేషన్లు, రాత్రికి నా పుస్తకం కూడా నన్ను ఏడిపించి నిద్రపుచ్చాలా?


మాయలపకీరు, గుంటూరు

నా పేరు చూసి అర్థమయ్యే ఉంటుంది నేనెవరి పార్టీయో. బాలనాగమ్మని ఎత్తుకెళ్ళి బందీ చేసిన మా వాడు ఏ ఫేరీ రాకుమారుడికి తక్కువ? మంత్రాలున్నాయి, కోట ఉంది, ప్రాణం సముద్రాల అవతల చిలకలో ఉంది. మనవాళ్ళు వాడిని విలన్‌గానే ఉంచేశారు. అదే అక్కడైతే ఈపాటికి గడ్డం ట్రిమ్ చేసి, చిన్నప్పుడు వాళ్ళ నాన్న పట్టించుకోలేదని ఫ్లాష్‌బ్యాక్ పెట్టి, ఆరు భాగాలు రాసేవాళ్ళు.


గోదారిగట్టు, హైదరాబాద్

@మాయలపకీరు ఆరు భాగాలూ నేను కొనేదాన్ని కూడా.


వేపచెట్టు, గ్లాస్గో

అందరికీ నమస్కారం. ఈ కథలు పుట్టిన చోటికి దగ్గర్లో ఉంటున్నా కాబట్టి ఒక మాట.

మీరిద్దరూ వాదించుకుంటున్న రెండూ, అంటే ప్రేమా భయమూ, ఒకే పాటలో ఉన్నాయి. 'టామ్ లిన్' అనే పాత స్కాటిష్ గాథ. ఫ్రాన్సిస్ జేమ్స్ చైల్డ్ సేకరించిన 305 గాథల్లో 39వది. మాస్ నవల్లో టామ్లిన్ పేరు అక్కడిదే. సెల్కిర్క్ దగ్గర ఎట్రిక్, యారో నదులు కలిసే చోట కార్టర్‌హా అడవి, అదే కథాస్థలం. జానెట్ అనే అమ్మాయి అక్కడ గులాబీ కోస్తుంది, టామ్ లిన్ ఎదురవుతాడు, ఆమె గర్భవతి అవుతుంది. అతను ఫేరీ రాణి చెరలో ఉన్న మనిషి. ఏడేళ్ళకోసారి ఫేరీలు నరకానికి కప్పం కట్టాలి, ఈసారి కప్పం తనేనేమోనని అతని భయం. హాలోవీన్ రాత్రి వాళ్ళ గుర్రాలు వెళ్తుంటే జానెట్ అతన్ని కిందికి లాగి పట్టుకోవాలి. అతను పామవుతాడు, ఎలుగుబంటి అవుతాడు, సింహమవుతాడు, చివరికి నిప్పులా కాలే ఇనుమవుతాడు. చెయ్యి వదలకూడదు. వదల్లేదు కాబట్టి గెలిచింది. హోలీ బ్లాక్ మొదటి నవల 'టైద్' (2002) పేరు ఆ కప్పమే.

ఇక దీనికి రెండో పక్క ఉంది. 1895 మార్చి, ఐర్లండ్‌లో టిప్పరరీ జిల్లా, బాలీవాడ్లియా ఊరు. బ్రిజెట్ క్లియరీ బట్టలు కుట్టి సంపాదించుకునే ఇరవై ఆరేళ్ళ మనిషి. జబ్బుపడింది. మంచం మీద ఉన్నది తన భార్య కాదు, ఫేరీలు ఆమెని ఎత్తుకెళ్ళి మారుబొమ్మని పెట్టారని భర్త మైకేల్‌కి అనుమానం. మూలికలు బలవంతంగా తాగించాడు, నువ్వు బ్రిజెట్‌వేనా అని పదే పదే అడిగాడు, చివరికి బంధువులు ఇంట్లో ఉండగానే తగలబెట్టాడు. ఆ తర్వాత దగ్గర్లోని ఫేరీ దిబ్బ దగ్గర కత్తి పట్టుకుని రాత్రుళ్ళు కాపు కాశాడు. అసలు భార్య తెల్ల గుర్రం మీద వస్తుందనీ, కట్లు కోసి విడిపించుకుంటాననీ. కోర్టు దాన్ని ఉద్దేశపూర్వక హత్యగా కాక, చంపాలన్న ఉద్దేశం లేని నరహత్యగా తేల్చింది. పదిహేనేళ్ళు జైల్లో ఉండి బయటికొచ్చాడు.

గుర్రం మీద వచ్చేవాళ్ళని పట్టుకుని విడిపించుకోవడం, మంటలోనూ వదలకపోవడం. జానెట్ చేసిందీ అదే, మైకేల్ చేశాననుకున్నదీ అదే. పాటలో ప్రేమ గెలిచింది, ఊళ్ళో ఒక ఆడమనిషి కాలి చచ్చిపోయింది. ఈ రెండో ముక్క తెలిశాక, ఫేరీ నవలని కేవలం అందమైన అబ్బాయిల కథలా చదవడం నా వల్ల కాలేదు.


అత్తిలి_అమ్మాయి, తణుకు

వేపచెట్టు గారూ, రాత్రిపూట చదివించారు, ఇప్పుడు నిద్ర పట్టేలా లేదు.

ఇనుము మాట వచ్చింది కాబట్టి: మా ఇంట్లో పురుడు పోసుకున్నప్పుడు మా అమ్మమ్మ తలగడ కింద చిన్న ఇనప చాకు పెట్టేది. గాలీ ధూళీ సోకకుండా అని. అక్కడ కూడా ఉయ్యాల్లో కత్తెర పెట్టేవాళ్ళట కదా?


వేపచెట్టు, గ్లాస్గో

అవునండి, తెరిచిన కత్తెర. బాప్టిజం అయ్యేదాకా బిడ్డ దగ్గర ఇనుము ఉండాల్సిందే. ఇక్కడ అబర్‌ఫాయిల్ అనే ఊళ్ళో రాబర్ట్ కర్క్ అనే చర్చి పెద్ద 1691 ప్రాంతంలో ఫేరీల మీద ఏకంగా ఒక గ్రంథమే రాశాడు. బాలింతలని పాలివ్వడానికి ఎత్తుకెళ్తారని అందులో ఉంది. ఆయన 1692లో డూన్ హిల్ దగ్గర పడి చనిపోతే, చనిపోలేదు, రహస్యాలు బయటపెట్టినందుకు వాళ్ళే తీసుకుపోయారని ఊళ్ళో చెప్పుకున్నారు. ఆ గుట్ట మీద ఒక పైన్ చెట్టు ఉంది. జనం ఇప్పటికీ కోరికలు రాసిన గుడ్డ పీలికలు కడుతుంటారు. మొదటిసారి చూసినప్పుడు మనూరి గుడి వెనక చెట్టు దగ్గరే ఉన్నట్టనిపించింది.


రెండోషిఫ్ట్, వరంగల్

చరిత్ర బాగుంది గానీ నాకు వేరే ఇబ్బంది ఉంది, ఎవరూ ఎత్తట్లేదు.

గోదారిగట్టు అక్కా, మీరు రైసాండ్ బేరం గురించి చెప్పారు. అదే పుస్తకంలో ఆ తర్వాత వాడే ఆమెకి రోజూ రాత్రి ఫేరీ మద్యం తాగించి, ఒంటి మీద రంగు పూయించి, పల్చటి గుడ్డలో సభ ముందు ఆడించిన సీన్లు మర్చిపోయారా? పొద్దున లేస్తే ఆమెకి ఏం గుర్తుండదు. ఆమెని కాపాడడానికే అట్ల చేసిండని రెండో పుస్తకంలో వివరణ ఇస్తరు. వివరణ తర్వాతొచ్చింది, తాగించింది ముందు. టామ్లిన్ తాళం వేస్తే తప్పు, వీడు మత్తు పోస్తే ప్లానా?

పారానార్మల్ రొమాన్స్ (మానవాతీత శక్తులున్నవాళ్ళతో ప్రేమకథలు) మొత్తంలో ఇదే లొల్లి. మాయ, సమ్మోహనం, వాసన, కాటు... ఆమె ఒప్పుకుందా లేదా అనే ప్రశ్న రాకుండా చూసుకోవడానికి ఎన్ని దారులో! మెలిస్సా మార్ 'వికెడ్ లవ్లీ' (2007) ఇందుకే నాకు ఇష్టం. అందులోనూ ఫేరీ మద్యం ఉంది, డాన్సు ఉంది. కానీ ఏం జరిగిందో గుర్తు లేక ఆ పిల్ల ఎంత భయపడిందో రచయిత్రి దాటేయలేదు. చివరికి ఆ పిల్ల, ఆష్లిన్, ఫేరీల రాణి పని తీసుకుంటది గానీ ఫేరీ రాజుకి షరతులు పెడతది: చదువు మానను, నేను ప్రేమించిన సెత్‌ని వదలను, నీకు భార్యగా ఉండను. ఆ సెత్ ఉండేది పాత రైలు పెట్టెలో. చుట్టూ ఉక్కు కాబట్టి ఫేరీలు లోపలికి రాలేరు. ఒక ఆడపిల్లకి సేఫ్‌గా కూర్చుని టీ తాగే చోటుని రచయిత్రి పాత నియమంతోనే కట్టింది. నిశాచరి గారు చెప్పిన కట్టుబాటు నాకు ఇక్కడ పనికొచ్చింది.


గోదారిగట్టు, హైదరాబాద్

తమ్ముడూ, మర్చిపోలేదు. ఆ సీన్లు నాకూ నచ్చవు, వివరణ కూడా అతికినట్టే ఉంటుంది. నేను రైసాండ్‌కి వకాల్తా తీసుకోవట్లేదు.

కానీ పాఠకురాలికి తెలివి లేదన్నట్టు మాట్లాడితే మాత్రం ఊరుకోను. పుస్తకం నా చేతిలో ఉంటుంది. నచ్చకపోతే మూసేస్తా, పది పేజీలు తిప్పేస్తా, వాడిని నోటికొచ్చినట్టు తిడతా. నిజం మనిషితో ఆ వీలుండదు. భయపెట్టేవాడిని నేను అనుకున్నంత దూరంలో పెట్టి చూసే చోటు ఇదొక్కటే. మన వారపత్రికల సీరియల్స్‌లో హీరో చెంప చెళ్ళుమనిపిస్తే దాన్నే ప్రేమనుకుని చదివిన తరం మా అమ్మావాళ్ళది. అక్కడ ఎవరూ రెండో భాగంలో హీరోని మార్చలేదు.


రెండోషిఫ్ట్, వరంగల్

తెలివి లేదని నేను అనలే అక్కా. రచయితలు తప్పించుకుంటున్నరు అన్న. చివరి లైన్‌కి మాత్రం జవాబు లేదు నా దగ్గర.


రైలుబండి, సికింద్రాబాద్

మధ్యలో వస్తున్నా, ఏమీ అనుకోకండి. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఫ్రెండ్ దగ్గర మాస్ పుస్తకం చూసి కావాలంటోంది. షాపులో అడిగితే 'టీనేజ్ వాళ్ళదే సార్' అన్నాడు. మీ మాటలు చదివాక టెన్షన్ పట్టుకుంది. ఇవ్వచ్చా?


నిశాచరి, విజయవాడ

ఇప్పుడే వద్దండి. 2015లో టీనేజ్ విభాగంలోనే అమ్మారు, అందుకే ఆ గందరగోళం. తర్వాత అట్టలు మార్చి పెద్దవాళ్ళ పుస్తకంగానే తెచ్చారు. రెండో భాగం నుంచి పడకగది సీన్లు ఎక్కువ.

ఆ వయసుకి 'ది క్రూయల్ ప్రిన్స్' (2018) నయం. చంపుకోవడాలు ఉంటాయి, స్కూల్లో ఏడిపించే సీన్లు కూడా గట్టిగానే ఉంటాయి, ప్రేమ ముద్దు దాటి పోదు. ముందు మీరొకసారి చదివి ఇస్తే ఇంకా మంచిది. మరీ చీకటి వద్దనుకుంటే హెదర్ ఫాసెట్ 'ఎమిలీ వైల్డ్స్ ఎన్‌సైక్లోపీడియా ఆఫ్ ఫేరీస్' (2023) ఉంది. 1909లో కేంబ్రిడ్జ్ ప్రొఫెసరమ్మ ఒకావిడ మంచు ఊళ్ళో ఫేరీల మీద పరిశోధన చేస్తూ డైరీ రాస్తుంది, కింద ఫుట్‌నోట్స్‌తో సహా. ఆవిడకి మనుషులతో మాట్లాడ్డం రాదు, ఫేరీలతో బాగా వచ్చు.

@గోదారిగట్టు మీ తాళం పాయింటు బలంగా ఉంది. అయితే ఆ తాళం కథకి ఫేరీ ఎందుకు కావాలి అన్నది ఇంకా నా ప్రశ్నే. మనిషి భర్త చాలడా?


గోదారిగట్టు, హైదరాబాద్

చాలడు. మనిషి భర్త కథ నా చుట్టూ రోజూ జరుగుతూనే ఉంది. దాన్ని మళ్ళీ డబ్బిచ్చి కొనుక్కోను. ఫేరీ అనగానే ఎక్కడికో దూరం వెళ్తున్నానని ధైర్యం వస్తుంది. తీరా అక్కడికి వెళ్ళాక కనిపించేది మా వీధిలో ఇల్లే. అలా చదివించగలగడం చిన్న విషయం కాదు.


చదువరి75, బెంగళూరు

ఇంత చర్చలో 'మేట్' గోల ఎవరూ ఎత్తలేదేం? తోడేలు నవలల నుంచి ఫేరీల దాకా పాకింది. వీళ్ళిద్దరూ ఒకరికొకరు పుట్టారని విధి ముందే ముద్ర కొట్టేస్తే ఇక కథలో మిగిలేదేముంది? జాతకాలు కలిశాయి, పెళ్ళిచూపులు కూడా అక్కర్లేదు అన్నట్టే. దానికోసం ఇంగ్లీషు నవల చదవాలా?

నవోమీ నోవిక్ 'స్పిన్నింగ్ సిల్వర్' (2018) చదవండి. నా దృష్టిలో ఈ చర్చకి అసలు పుస్తకం అదే. మిర్యెం వడ్డీవ్యాపారి కూతురు. తండ్రి మెతక, అప్పులు వసూలు చేయలేడు. ఇల్లు చలికి వణుకుతుంటే ఆ పిల్లే గడప గడపకీ వెళ్ళి వసూలు చేస్తుంది. వెండిని బంగారం చేస్తానని గొప్పలు పోతే మంచులోకపు రాజు చెవిన పడుతుంది. గుమ్మం ముందు ఆరు వెండి నాణేలు, తర్వాత అరవై, తర్వాత ఆరు వందలు. ఆమె మాయతో మార్చదు. కంసాలి చేత నగ చేయించి, దొరకి అమ్మి, బంగారం తెస్తుంది. రాజుకి ఆ పిల్లంటే చిరాకు. అయినా మాటిచ్చాడు కాబట్టి పెళ్ళి చేసుకుని తీరాలి! పెళ్ళయ్యాక ఆమె రాత్రుళ్ళు కాపురం వద్దని, దానికి బదులు తన ప్రశ్నలకి జవాబులు అడుగుతుంది. వాళ్ళ లోకంలో థాంక్స్ అనే మాటకి చోటు లేదు, ఏది తీసుకున్నా సమానంగా బదులు ఇచ్చి తీరాలి. లెక్కలు తెలిసిన పిల్లకి అంతకంటే మంచి అత్తారిల్లు ఎక్కడ దొరుకుతుంది? ప్రేమ చాలా ఆలస్యంగా, లెక్కలన్నీ తేలాక గానీ రాదు.


నిశాచరి, విజయవాడ

ఈ పుస్తకం గురించి నేను రాద్దామనుకుని నిడివి ఎక్కువైందని ఆపేశా. నాకంటే బాగా చెప్పారు. భయమూ, నియమమూ, పెళ్ళీ మూడూ కలిపి రాయొచ్చని దానితో తేలిపోయింది. ఇక 'రొమాన్స్ వల్ల చీకటి పోయింది' అన్నవాళ్ళు (అంటే నేనే) కాస్త తగ్గాలి, 'రొమాన్స్‌కి నియమాలెందుకు' అన్నవాళ్ళూ తగ్గాలి. బద్ధకంగా రాసినవాళ్ళని మాత్రం వదలను.


మాయలపకీరు, గుంటూరు

సీరియస్‌గా ఒక ప్రశ్న. మనకిలాంటివి తెలుగులో ఎందుకు రాలేదు? ముడిసరుకు లేదా అంటే బోలెడుంది. శతపథ బ్రాహ్మణంలో ఊర్వశి పురూరవుడికి పెట్టిన షరతు చూడండి, బట్టల్లేకుండా నువ్వు నాకు కనపడకూడదు. ఆమె మంచానికి కట్టేసిన గొర్రెపిల్లలని గంధర్వులు రాత్రి ఎత్తుకుపోతారు. మగాడు లేడా ఇక్కడ అని ఆమె అరవగానే ఇతను బట్టల మాట మరిచి ఉన్నపళంగా దూకుతాడు. గంధర్వులు మెరుపు మెరిపిస్తారు. కనపడ్డాడు, ఆమె వెళ్ళిపోయింది. ఒప్పందం, మెలిక, మోసం అన్నీ ఉన్నాయి.

చందమామ బేతాళుడు మాత్రం? జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది, నోరు విప్పితే శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. అంత బిగువైన నియమం ఏ ఫేరీ రాజ్యంలో ఉంది చెప్పండి.


చదువరి75, బెంగళూరు

క్షుద్రశక్తుల నవలలు మనకీ వచ్చాయి కదా, 'తులసిదళం' కోసం పత్రిక ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసిన ఇళ్ళున్నాయి. కాకపోతే వాటిలో అవతలి శక్తి వదిలించుకోవాల్సిన పీడ. దానితో కూర్చుని మాట్లాడ్డం, బేరమాడ్డం, మనసు పడ్డం తక్కువ. సినిమాలో అయితే దేవకన్య ఉంగరం పోగొట్టుకుని మనింటికొచ్చి పాటలు పాడుతుంది, భయం ఉండదు. భయపెట్టే దేవకన్య నవల్లో ఇంకా రావాలి.


అత్తిలి_అమ్మాయి, తణుకు

పకీరు గారే రాస్తే సరి. హీరో పేరు రెడీగా ఉంది.


మాయలపకీరు, గుంటూరు

చిలకని ఎక్కడ దాచానో చెప్పాల్సి వస్తుంది, అదొక్కటే అడ్డం.


రైలుబండి, సికింద్రాబాద్

అప్‌డేట్. 'ది క్రూయల్ ప్రిన్స్' తెచ్చా. ముందు నేను చదవాలనుకున్నా గానీ నా చేతికి రాలేదు, అమ్మాయి అప్పుడే రెండో భాగంలో ఉంది. ఫేరీలకి థాంక్స్ చెప్తే బాకీ పడ్డట్టేనని ఎక్కడో చదివిందట, ఇంట్లో ఎవరికీ థాంక్స్ చెప్పడం మానేసింది. వాళ్ళమ్మ మండిపడుతోంది.


నిశాచరి, విజయవాడ

రెండో భాగంలో ఉంటే ఈ చర్చ మాత్రం చూడనివ్వకండి. నా మొదటి పోస్టులోనే దాని చివర మొత్తం చెప్పేశాను.